మద్దిలేటి గొంతు నాలో ఉండేది

నేను ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను. సరిగ్గా చెప్పాలంటే బల్ల కింద పెట్టే ఇనుప డబ్బాను. తెర నేను కాదు, మీటలు నేను కాదు. మనుషులు తెరను చూసి మురుస్తారు, నన్ను కాలితో జరుపుతారు. ఎవరి మీదా నాకు పెద్ద ప్రేమ లేదు. ఒక మనిషి గొంతును మాత్రం కొన్నేళ్ళు మోశాను. అది ఎలా పోయిందో చెప్పడానికే ఈ మాటలు.

నన్ను ఏ కంపెనీ కనలేదు. కర్నూలులో ఒక కొట్టువాడు ఒక అట్టపెట్టెలోంచి బోర్డు, ఇంకో దాంట్లోంచి ఫ్యాను తీసి, మిగిలిపోయిన ఒక డబ్బాలో బిగించాడు. మొదట ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో పెట్టారు. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలను ఫ్లెక్సీకి అమర్చడం నా పని. ర్యాంకులు రాని పిల్లల ఫోటోలు కూడా నాలోనే ఉండేవి. వాటిని ఎవరూ తెరవలేదు. నాలుగు ఫ్లెక్సీలు కట్టాక కాలేజీ మూతపడింది. ఫ్యాన్లు, కుర్చీలు ఎవరికి దొరికినవి వాళ్ళు పట్టుకుపోయారు. నేను మద్దిలేటికి దొరికాను.

మద్దిలేటిది పత్తికొండ. బస్టాండు వెనక సందులో ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. అతని పని గొంతుతో. ఆటోలకు మైకు కట్టి ఊళ్ళ వెంట తిప్పుతారు చూడండి, బట్టల కొట్టు తగ్గింపు, కంటి శిబిరం, ఎద్దుల సంత, ఫలానావారు కాలం చేశారు, అంతిమయాత్ర ఇన్ని గంటలకు. ఆ చుట్టుపక్కల అవన్నీ అతని గొంతే. నాలో రికార్డు చేసి పెన్‌డ్రైవులో పోసి ఇచ్చేవాడు. తుగ్గలిలో, మద్దికెరలో, దేవనకొండలో అతని ముఖం ఎరిగినవాళ్ళు లేరు. గొంతు ఎరగనివాళ్ళూ లేరు. ఆ గొంతును ఊళ్ళకు మోసేది ఖాజా ఆటో. "నీకంటే నీ గొంతుకే ఎక్కువ మర్యాదన్నా. దానికి మజ్జిగ గూడా ఇస్తారు, నువ్వు పోతే నీళ్ళియ్యరు" అని ఖాజా ఎగతాళి చేసేవాడు.

గొంతుతో బతికే మనిషి ఆ గొంతులోనే రోజంతా బీడీ పొగ పోసేవాడు. ఇలాంటి తెలివి మనుషులకే సాధ్యం. మాకు దుమ్ము పడితే తుడిచే గుడ్డ అయినా ఉంటుంది. ముందు బొంగురు వచ్చింది. వాతావరణం అన్నాడు. ముద్ద దిగడం కష్టమైంది. పచ్చడి కారం అన్నాడు. చివరికి కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పాడు. స్వరపేటిక తీసేయాలి, మెడకు రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అక్కడి నుంచే, ప్రాణం ఉంటుంది, మాట ఉండదు.

ఆ రోజు దుకాణం తలుపు సగం వేసుకుని మొగుడూ పెళ్ళామూ నా ముందు కూర్చున్నారు. పెళ్ళాం పేరు సుంకులమ్మ. బడి గడప తొక్కని మనిషి. ఉపాయం ఆమెదే.

"గొంతు ఉన్నప్పుడే మాటలన్నీ చెప్పి దీంట్లో పెట్టుకో" అంది. "విత్తనం గింజలు దాచుకున్నట్ల. తర్వాత ఒకటొకటి తీసుకుని వాడుకుందువు."

ఆపరేషనుకు పిలుపు వచ్చేదాకా అతను చేసిన పని అదే. మైకు ముందు కూర్చుని ఊళ్ళ పేర్లు చెప్పాడు. వారాలు, నెలలు, అంకెలు చెప్పాడు. చీరలు, చెప్పులు, చింతపండు, పశువుల దాణా. తండ్రి, భార్య, పెద్ద కొడుకు. సుంకులమ్మ పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటూ గుర్తు చేసేది. 'నేడు' అని చెప్పి ముందుకు పోతుంటే ఆపింది. చీరల అంగడికి చెప్పే నేడు వేరే, చావుకు చెప్పే నేడు వేరే గదా, రెండూ చెప్పమంది. నిజమే. అప్పటినుంచి ప్రతి మాటా రెండు రకాలుగా చెప్పాడు. సంతకు ఒకటి, శవానికి ఒకటి. గొంతు రోజురోజుకూ అరిగిపోతోంది. పొద్దున్నే చెప్పిన మాట బాగుండేది, మధ్యాహ్నానికి గరగర. బాగుండేదాకా తిరిగి చెప్పేవాడు.

ఆఖరున ఆమె అడిగింది.

"నన్ను పిలిచేది చెప్పినావా?"

"నిన్ను పిలిచేదేంటికి? చేయి ఊపితే రావా?"

"రాను."

అతను నవ్వాడు. దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక మైకు దగ్గరికి జరిగి 'సుంకులూ' అని పిలిచాడు. దాన్ని కూడా ఒక పసుపు ఫోల్డరులో పెట్టాడు.

ఫోల్డర్లన్నీ తెర మీదే పెట్టేవాడు. ఖాజా ఒకసారి, ఇదేమన్నా సంతలో గంపలు పరిచినట్ల పరిచినావు, లోపల పెట్టుకోగూడదా అన్నాడు. మద్దిలేటి ఒప్పుకోలేదు. లోపల యాడో పెడితే యాడికి పోతాదో ఎవనికి తెలుసు, కండ్ల ముందర ఉండేదే మనది అన్నాడు. ఇంట్లో బియ్యం డబ్బానూ పట్టాదారు పాసుపుస్తకాన్నీ కూడా అతను అలాగే మంచం మీది నుంచి కనపడేచోట పెట్టుకునేవాడు. కనపడేది పోదని అతని నమ్మకం. నా తెర వెనక ఉన్న కొండ బొమ్మ ఫోల్డర్ల కింద పూర్తిగా మునిగిపోయింది.

ఆపరేషను అయింది. మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఇక మేమిద్దరం కలిస్తేనే ఒక మనిషి.

మొదట్లో మాటల అతుకులు తెలిసేవి. నేడే, అని ఒక ఎత్తులో, పత్తికొండలో, అని ఇంకో ఎత్తులో. మెల్లగా చేయి తిరిగింది. ఏ మాట వెనక ఏ మాట పెడితే అతుకు కనపడదో అతనికి తెలిసిపోయింది. లేని మాట కావలసి వస్తే ఉన్న మాటల్ని కోసి కుట్టేవాడు. ఊళ్ళవాళ్ళకు ఏమీ తెలియలేదు. ఆటో వచ్చింది, మద్దిలేటి గొంతు వచ్చింది. అంతే వాళ్ళకు.

టీ కావాలంటే ఒక మీట నొక్కేవాడు. స్పీకరులోంచి 'సుంకులూ' అని వచ్చేది. వెనక గదిలోంచి ఆమె, "వస్తాండా ఉండు, డబ్బాలోంచి గూడా అదే తొందర" అని అరిచేది. ఆ ఇంట్లో నాకు తెలిసిన మంచి రోజులు అవే. ఎక్కువ లేవు.

సుంకులమ్మ కామెర్లతో పోయింది. ఆకు మందని నాటు వైద్యుల చుట్టూ తిరిగి, ఆసుపత్రికి పోయేసరికి ఏమీ మిగల్లేదు. ఆమె చావును ఊళ్ళకు చెప్పవలసినవాడు అతనే. తడి తువ్వాలుతో వచ్చి నా ముందు కూర్చున్నాడు. 'భార్య' ఉంది. 'అంతిమయాత్ర' ఉంది. చావుకు చెప్పే 'నేడు' ఉంది, ఆమె చెప్పించినదే. 'సుంకులమ్మ' లేదు. పిలుపులోంచి 'సుంకుల' కోశాడు, ఎవరో ముసలామె చావు ప్రకటనలోంచి 'అమ్మ' కోశాడు, రెండూ కలిపాడు. ఖాజా ఆటో తిరిగింది. విన్నవాళ్ళలో కొందరు, పెండ్లాం సచ్చిపోతే గొంతు కొంచెమన్నా వణకలేదు, రాతి మనిషి అన్నారట. ఎలా వణుకుతుంది? ఆ మాటలు చెప్పేనాటికి ఆమె పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది.

ఎప్పటికో ఒకరోజు ఆ పిలుపు మీట నొక్కాడు. వెనక గదిలోంచి ఏ జవాబూ రాలేదు. అయినా రోజూ ఒకసారి నొక్కేవాడు. ఎందుకని నేను అడగలేదు. అలాంటివి అడిగే పరికరం నాలో లేదు.

తర్వాత దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు మాకు పని ఉండదు. కొడవలికీ నాగలికీ లారీకీ ఎలాగో నాకూ అలాగే. కడుగుతారు, బొట్టు పెడతారు, ఆ రోజు ముట్టుకోరు. ఇదివరకు ఆ పని సుంకులమ్మ చేసేది. నా ముఖాన స్విచ్చి ఒక్కటే గుండ్రంగా ఉంటుంది, పని చేసేటప్పుడు వెలుగుతుంది. అది నా నుదురని ఆమె లెక్క. పొడి వేలితో చిటికెడు కుంకుమ అద్ది వదిలేసేది. ఈసారి ఆ పని మద్దిలేటి చేశాడు. ఆమె ఎలా చేసేదో పక్కన నిలబడి ఎన్నడూ చూడలేదు. మగవాళ్ళు చూడరు. పసుపు, గంధం నీళ్ళతో ముద్దగా కలిపి, ఇంట్లో ఆడదిక్కు లేని లోటు కనపడకూడదని కాబోలు, స్విచ్చి మీద చుట్టూరా మందంగా మెత్తాడు. మధ్యలో కుంకుమ. నా ముందు టెంకాయ కొట్టి, కండ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. నా మీద అంత భక్తి ఎవరూ చూపలేదు. ఆ భక్తి రాత్రంతా స్విచ్చి సందుల్లోకి దిగి, గట్టిపడింది.

మరునాడు విజయదశమి. మంచి రోజని పొద్దున్నే తలంటుకుని వచ్చి స్విచ్చి నొక్కాడు. ఫ్యాను తిరిగింది. అతను కుర్చీ లాక్కునేలోపే ఆగిపోయింది.

మళ్ళీ నొక్కాడు. లేదు.

ప్లగ్గు తీసి పెట్టాడు. ఫ్యాను మళ్ళీ కదిలి ఆగింది. ఇంకో ప్లగ్గులో పెట్టాడు. పక్క టైలరు దగ్గర వైరు తెచ్చి మార్చాడు. అదే తీరు. ఒక్క క్షణం ఊపిరి, తర్వాత ఏమీ లేదు. నా లోపల అన్నీ బాగున్నాయి. నొక్కిన స్విచ్చి వెనక్కి రాలేదు, అంతే. పసుపులో ఇరుక్కుని లోపలే ఉండిపోయింది. ఎవరో ఆర్పమని అదేపనిగా నొక్కి పట్టుకున్నట్టు ఉంది నాకు. ఆర్పమంటే ఆరిపోవాలి. ఇంత చిన్న సంగతి నేను చెప్పలేను. అతనికి తెలిసినా ఇంకొకరికి చెప్పలేడు. ఆ గదిలో ఇద్దరం మూగవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మధ్యాహ్నం దాకా అదే పని. డబ్బాకు చెవి ఆనించి వింటాడు. లేస్తాడు. మళ్ళీ ప్లగ్గు తీస్తాడు. అన్నం తినలేదు. ఖాజా వచ్చి సంగతి అర్థం చేసుకుని నా నెత్తిన అరచేత్తో నాలుగు కొట్టాడు. మా ఇంట్లో టీవీ ఇట్లనే వస్తాదన్నా అన్నాడు. రాలేదు. దిష్టి తగిలింది, గుమ్మడికాయ తిప్పుదామన్నాడు. మద్దిలేటి అతని చొక్కా పట్టుకుని, నోరు తెరిచి, పెదవులు మాత్రం కదిపాడు. ఖాజా ఆ పెదవులు చూసి ఎగతాళి మానేశాడు. ఓబులేసును పిలుచుకొస్తానని పోయాడు.

ఓబులేసుది మెయిన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి. పిల్లవాడేమీ కాదు, ముప్పై దాటిన మనిషి. వచ్చాడు, పక్క మూత విప్పాడు. ర్యామ్ పీకి పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టాడు. ఇది వాళ్ళ మొదటి వైద్యం. రోగం ఏదైనా రబ్బరే. నేను లేవలేదు. గుండ్రటి చిన్న బ్యాటరీ తీసి పెట్టాడు. పవర్ సప్లై మార్చాడు. లేవలేదు. స్విచ్చి మీద మాత్రం చేయి వేయలేదు. దాని మీద పసుపు ఉంది, కుంకుమ ఉంది. పూజ చేసినదాన్ని చెరపడానికి అతనికి మనసు రాలేదు. కావలసినప్పుడు కరెంటు వైరు పీకి పెట్టి చూశాడు తప్ప, దేవుడి బొట్టు తుడవలేదు. ఇద్దరి భక్తీ కలిసి నన్ను చంపుతోంది.

నన్ను తన అంగడికి మోసుకుపోయాడు. హార్డ్ డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించాడు. డిస్కు తిరిగింది. విండోస్ మాత్రం లేవలేదు, నీలం తెర వచ్చింది. వేరే ఒంట్లో పెడితే అది లేవకపోవడం మామూలే. ఓబులేసుకు తొందర. పండగ తర్వాత అంగడి నిండా చెడిపోయినవే. విండోసే పోయిందని తేల్చేశాడు.

మద్దిలేటి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, నాలోంచి తీసిన డిస్కు మీదినుంచి చూపు తిప్పకుండా.

"మద్దిలేటన్నా, ఫార్మాట్ కొట్టల్ల" అన్నాడు ఓబులేసు. "భయపడాకు. డీ డ్రైవులో ఉండేది అట్లనే ఉంటాది. సీ ఒకటే తుడుస్తా. సరేనా?"

ఏ అక్షరంలో తన మాటలు ఉన్నాయో మద్దిలేటికి తెలియదు. అట్లనే ఉంటాది అన్న ముక్క ఒక్కటి పట్టుకున్నాడు. అక్షరాలు వెతుక్కుని ఒక పేరు కొట్టగలడే గాని, కాగితం మీద రాసి అడిగేంత చదువు అతనికి లేదు. గొంతు ఉన్న మనిషైతే ఒకటికి పదిసార్లు అడిగేవాడు. నా ఊళ్ళ పేర్లు ఉంటాయా, నా పెండ్లాం పిలుపు ఉంటాదా, తెర మీద పెట్టుకున్న్యా ఏం గాదు గదా అని నస పెట్టేవాడు. ఆ నసలో సంగతి బయటపడేది. ఓబులేసు అడగలేదు. ఇతను చెప్పలేడు. తల ఊపాడు.

తుడిచారు. ఎక్కువసేపు పట్టలేదు.

డిస్కు తిరిగి నాకు బిగించారు. నేను లేవలేదు. అప్పుడు ఓబులేసుకు విసుగు వచ్చి, బోర్డును డబ్బాలోంచి బయటికి తీసి అట్ట మీద పెట్టి, స్విచ్చి వైరు పీకేసి, అది తగిలించి ఉన్న రెండు సన్న పుల్లల్నీ స్క్రూడ్రైవరు కొసతో తాకించాడు. లేచాను. హాయిగా, ఏ జబ్బూ లేనట్టు. వైరు పెట్టాడు, పడిపోయాను. పీకాడు, లేచాను. ఓబులేసు ఆ వైరు వెంట వేలు పోనిచ్చి స్విచ్చి దాకా వచ్చాడు. తర్వాత డబ్బా ముందు మూత విప్పి, తడిగుడ్డతో నా నుదురు తుడిచాడు. పసుపు పెళ్ళలుగా రాలింది. స్విచ్చి టక్కుమని బయటికి వచ్చింది.

"పసుపన్నా" అన్నాడు మెల్లగా. "ఇంతసేపూ పసుపు."

మద్దిలేటి ముఖం వెలిగింది. పరుగున వచ్చి తెర ముందు కూర్చున్నాడు. ఓబులేసు కొత్త విండోస్ ఎక్కించాక తెర మీద పచ్చటి కొండ వచ్చింది. ఫోల్డర్లు పరిచినప్పటినుంచి అతను ఆ కొండను ఇంత పూర్తిగా ఎన్నడూ చూసి ఉండడు. దాని మీద ఒక్క చెత్తబుట్ట బొమ్మ తప్ప ఏమీ లేదు.

డీ డ్రైవు తెరిచి చూపించాడు ఓబులేసు. అందులో ర్యాంకుల పిల్లల ఫోటోలు ఉన్నాయి. చెక్కుచెదరలేదు.

"నీవి యాడ పెట్టుకున్న్యావన్నా?"

మద్దిలేటి అరచేత్తో తెర మొత్తం తడిమాడు. ఈ మూల నుంచి ఆ మూలకు.

ఓబులేసు కూర్చుండిపోయాడు. తెర మీద పెట్టినవన్నీ సీ లోనే ఉంటాయని అతనికి తెలుసు. తుడవకముందే తెలుసు. పోయినవాటిని వెతికే ప్రోగ్రాము ఏదో ఎక్కించి రెండు దినాలు వెతికాడు. కొత్త విండోస్ కింద నలిగిన ముక్కలు కొన్ని పేర్లు లేకుండా బయటపడ్డాయి. ఏదీ పలకలేదు. ఖాజా ఆటోవాళ్ళ పెన్‌డ్రైవులన్నీ అడిగాడు. పని అయిపోగానే అన్నీ చెరిపి సినిమా పాటలు నింపుకున్నారు. ఒకటీ అరా మిగిలిన ప్రకటనల్లో మాటల కింద డప్పులూ సన్నాయిలూ కలిసి ఉన్నాయి. మాటను విడిగా కోయడానికి వీల్లేదు.

ఓబులేసు తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ఏమొస్తుంది? ఇప్పుడు ఫోనులో టైపు చేస్తే అదే చదువుతాదన్నా, ఆడమనిషి గొంతు, బ్రహ్మాండంగా ఉంటాది అని ఎక్కించి ఇచ్చాడు. ఖాజాకు పిల్లలున్నారు, ఆటో తిరగాలి. ఆ ఫోను ఆడమనిషితోనే తిరిగాడు. ఆమె చీరల తగ్గింపునూ చావునూ ఒకే తీరుగా చెప్పేది. చచ్చినవాళ్ళ మీద కూడా తగ్గింపు ఉన్నట్టే ఉండేది.

మద్దిలేటి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. రోజూ స్విచ్చి వేసేవాడు. కొండను చూసేవాడు. ఆర్పేవాడు.

నిన్న ఖాజా తుగ్గలి తిరిగి వచ్చి గడపలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఒక మాట చెప్తే ఏమనుకోవుగా" అన్నాడు. "నువ్వు చచ్చిపోయినావనుకుంటాండారన్నా ఊళ్ళలో. గొంతు ఇనపడ్లేదు గదా. ఒక ముసిలోడైతే నన్ను నిలబెట్టి తిట్టినాడు. అంతమంది చావులు చెప్పినోని చావు చెప్పే దిక్కు గూడా లేదా, మీరేం మనుషులప్పా అని. బతికే ఉండాడు తాతా అంటే నమ్మడు. బతికుంటే మాట్లాడడా అంటాడు."

మద్దిలేటి అతన్ని చూశాడు. తర్వాత లేచి నా స్విచ్చి వేశాడు. మైకు తగిలించాడు. మెడ మీది తువ్వాలు విప్పి పక్కన పెట్టి, మైకును గొంతు రంధ్రానికి దగ్గరగా పట్టుకున్నాడు.

నాకు వినిపించింది. గాలి లోపలికి పోయింది. గాలి బయటికి వచ్చింది. కొంచెం తడి, కొంచెం గరగర. మళ్ళీ లోపలికి. తెర మీద గీత చిన్నగా లేచి పడింది, లేచి పడింది. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆపాడు. పేరు పెట్టమని అడిగాను, మేము అందరినీ అడుగుతాం. ఒక్కొక్క మీటా వెతుక్కుని 'మద్దిలేటి' అని కొట్టాడు.

పెన్‌డ్రైవులో పోసి ఖాజా చేతిలో పెట్టాడు. ఖాజా ఆటోలో పెట్టి విని తిరిగి వచ్చాడు.

"ఇదేమన్నా, ఉత్త గాలి. దీన్ని ఏం చేయల్ల?"

మద్దిలేటి చేయి చాచి తుగ్గలి వైపు చూపించాడు. తర్వాత మద్దికెర వైపు. దేవనకొండ వైపు. ఖాజా పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు.

ఈ పొద్దున ఆటో కదిలింది. మైకులోంచి ఆ ఊపిరి సందు చివరిదాకా వినిపించింది. బస్టాండు దగ్గర హారన్లు దాన్ని కప్పేశాయి. మనిషి బతికే ఉన్నాడనుకుంటారో, మైకు చెడిపోయిందనుకుంటారో ఊళ్ళలో, ఖాజా వచ్చి చెబితే తప్ప మాకు తెలియదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. మద్దిలేటి గడప మీద కూర్చుని ఉన్నాడు. ఖాజా ఇంకా రాలేదు.